రాయల్ నేవీ నదీ గన్‌బోట్లు

నదీ గన్‌బోటు అంటే పెద్ద యుద్ధనౌకలు చొరలేని లోతు తక్కువ నదుల్లో, నదీముఖాల్లో తిరిగి పోరాడటానికి కట్టిన చిన్న ఆవిరి నౌక. బల్లపరుపు అడుగు, ఒంటి పరిమాణానికి మించిన ఫిరంగి, తక్కువ సిబ్బంది దీని ప్రధాన లక్షణాలు. బ్రిటన్ నౌకాదళమైన రాయల్ నేవీ, దానితో కలిసి పనిచేసిన ఈస్టిండియా కంపెనీ నౌకావిభాగం ఇటువంటి నౌకలను, వాటికి తోడుగా ఆయుధాలు అమర్చిన మామూలు స్టీమర్లను 1824 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా నడిపాయి. ఐరావతి, యాంగ్‌ట్సీ, నైలు, టైగ్రిస్, రష్యాలోని ద్వినా వీటి ముఖ్య రంగస్థలాలు. ఆ నౌకలన్నీ ఇప్పుడు సేవ నుంచి తప్పుకున్నాయి. కొన్ని యుద్ధాల్లో మునిగిపోగా మిగిలినవాటిలో చాలావరకు తుక్కు కింద అమ్ముడుపోయాయి.

నిర్వచనం, పరిధి

గన్‌బోటుకూ సాయుధ స్టీమరుకూ తేడా పుట్టుకలో ఉంది. గన్‌బోటును మొదటి నుంచీ ఫిరంగి కోసమే కడతారు. సాయుధ స్టీమరు అలా కాదు. ప్రయాణికులను చేరవేసే స్టీమరునో, పడవలను లాగే టగ్గునో యుద్ధకాలంలో స్వాధీనం చేసుకొని, చుట్టూ ఇనుప రేకులో ఇసుక బస్తాలో పేర్చి, డెక్కు మీద ఫిరంగి బిగిస్తే అది సాయుధ స్టీమరవుతుంది. నదుల్లో పనిచేసిన మూడో రకం నౌక మానిటర్. దాని కవచం, ఫిరంగులు బరువైనవి కాబట్టి అది నీటిలో ఎక్కువ లోతుకు దిగుతుంది.

ఈ హద్దులు ఆచరణలో గట్టిగా నిలవలేదు. యాంగ్‌ట్సీ మీద రాయల్ నేవీ నడిపిన కిన్షా, ఆర్చిబాల్డ్ లిటిల్ అనే వ్యాపారి తెప్పించిన ‘పయొనీర్’ అనే వర్తక స్టీమరే. నౌకాదళం దాన్ని కొని పేరు మార్చింది. యాజమాన్యంలోనూ ఇటువంటి కలగలుపు కనిపిస్తుంది. డయానా, నెమెసిస్ అనే స్టీమర్లు ఈస్టిండియా కంపెనీవి. 1896–98 మధ్య నైలు మీద పోరాడిన గన్‌బోట్లు ఈజిప్టు ప్రభుత్వానివి, వాటిని నడిపిన అధికారుల్లో చాలామంది రాయల్ నేవీ వారు. ఆ నౌకలను వదిలేస్తే తర్వాతి గన్‌బోట్ల వంశక్రమం అర్థం కాదు కాబట్టి వాటినీ ఈ వ్యాసంలో చేర్చడమైనది.

నిర్మాణం, పనితీరు

నదీ గన్‌బోటు సత్తాను అంచనా వేయడానికి ఫిరంగుల సంఖ్య కంటే అది ఎన్ని అడుగుల నీటిలో తేలుతుందన్నదే సరైన కొలమానం. మొదటి ప్రపంచ యుద్ధంలో వచ్చిన ‘ఇన్‌సెక్ట్’ తరగతి గన్‌బోటు పొడవు 237 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 36 అడుగులు. అంత పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న నౌక నీటిలో దిగేది నాలుగు అడుగులే. బరువును వెడల్పుగా పరచడం వల్ల ఇది సాధ్యమైంది. ఈ సౌకర్యానికి మూల్యం సముద్రం మీద చెల్లించవలసి వచ్చేది. బల్లపరుపు అడుగున్న నౌక అలల్లో నిలకడగా ఉండదు. అందువల్ల నదికి చేరేలోపు చేసే సముద్ర ప్రయాణమే చాలాసార్లు దానికి పెద్ద గండంగా ఉండేది.

నడిపే పద్ధతులు మూడు. తొలి స్టీమర్లకు రెండు పక్కలా తెడ్డుచక్రాలుండేవి. శత్రువు గుళ్లకు అవి సులువుగా చిక్కేవి, ఇరుకు పాయల్లో అడ్డం వచ్చేవి. చక్రాన్ని వెనక్కు మార్చడంతో ఇరుకు సమస్య తీరింది. మూడోది మరచక్రం, అంటే ప్రొపెల్లర్. అది పూర్తిగా నీటిలో మునిగి తిరిగితేనే పనిచేస్తుంది. మూడు నాలుగు అడుగుల నీటిలో తేలే నౌకకు పెద్ద ప్రొపెల్లర్ ఎలా అమర్చాలన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండిపోయింది. థార్నీక్రాఫ్ట్, యారో అనే బ్రిటిష్ నౌకా నిర్మాణ సంస్థలు నౌక అడుగున సొరంగం లాంటి గాడి తీర్చి ఆ చిక్కు విప్పాయి. ప్రొపెల్లర్‌లో కొంత భాగం బయటి నీటిమట్టానికి పైనే ఉంటుంది. అది తిరగడం మొదలుపెట్టగానే గాడిలోని గాలి బయటికి పోయి, నీరు పైకి ఎక్కి, గాడి పూర్తిగా నిండుతుంది. దాంతో ప్రొపెల్లర్ లోతు నీటిలో ఉన్నట్టే తిరుగుతుంది. యుద్ధనౌకల చరిత్రలో కవచానికీ ఫిరంగికీ దక్కినంత గుర్తింపు ఈ ఉపాయానికి దక్కలేదు. యాంగ్‌ట్సీ, టైగ్రిస్ గన్‌బోట్లు నడిచింది మాత్రం దీని వల్లే.

నౌకను ముక్కలుగా కట్టి, ఓడల్లో రైళ్లలో తరలించి, నది ఒడ్డున మళ్లీ బిగించడం మరో ప్రత్యేకత. జలపాతాలు, సముద్ర ప్రయాణాలు అడ్డుపడే చోట ఇది తప్పనిసరి.

నీరు తగ్గే కాలంలో నౌక రెండు ఎత్తైన గట్ల మధ్య కిందికి దిగిపోతుంది. అప్పుడు ఒడ్డు అవతల ఏముందో డెక్కు మీది వాళ్లకు కనపడదు. అందుకే ఫిరంగులను ఎత్తులో అమర్చేవారు, కొయ్య మీద కాపలా గూడు కట్టేవారు. వరదలో ఉరకలెత్తి వేసవిలో తిప్పల మధ్య పాయలుగా చీలే గోదావరిని చూసినవారికి ఇటువంటి నది మీద యుద్ధనౌక ఏడాది పొడవునా ఎందుకు తిరగలేదో వేరే చెప్పనక్కర లేదు.

ఐరావతి మీద డయానా

బ్రిటిష్ వారు యుద్ధంలో వాడిన తొలి ఆవిరి నౌక ఇంగ్లండులో తయారు కాలేదు. కలకత్తాలోని కిడ్డర్‌పూర్ నౌకాశాలలో 1823లో నీటిలోకి దిగిన డయానాకు ఆ స్థానం దక్కింది. ఇంజిన్లు మాత్రం ఇంగ్లండువి. హుగ్లీ మీద ఓడలను లాగడానికి, ప్రయాణికులను తిప్పడానికి ఉద్దేశించిన ఈ తెడ్డుచక్రాల స్టీమరును, మొదటి ఆంగ్లో–బర్మా యుద్ధం రాగానే 1824లో కంపెనీ ప్రభుత్వం కొన్నది. ‘లార్న్’ యుద్ధనౌక కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్ ఈ కొనుగోలును గట్టిగా సమర్థించాడు. తర్వాత ఆయన నవలాకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. చిన్న ఫిరంగులు, కాంగ్రీవ్ రాకెట్లు డయానా ఆయుధాలు.

బర్మా యుద్ధపడవలు బలహీనమైనవేమీ కావు. పదుల సంఖ్యలో తెడ్లు వేసే మనుషులతో అవి నదిలో మెరుపులా వచ్చి దాడి చేసి, గాలి కోసం చూస్తున్న తెరచాప నౌకలను వెనకేసి వెళ్లిపోయేవి. డయానాకు గాలితో పని లేదు, అలుపు లేదు. తెడ్డు వేసేవారు అలసిపోయేదాకా వెంటబడి వాళ్లను పట్టుకొనేది. గాలి లేనప్పుడు తెరచాప నౌకలను, సైనికుల పడవలను ఏటికి ఎదురు లాగుకొని పోయేది. ఫిరంగి కంటే ఈ లాగుడు పనే ఆ యుద్ధంలో ఎక్కువ అక్కరకొచ్చింది. 1826 ఫిబ్రవరి 24న యాందబో సంధితో యుద్ధం ముగిసింది. డయానాను 1836లో విడగొట్టేశారు.

ఈ దండయాత్ర తెలుగు నేలతో నేరుగా ముడిపడినది. 1824 మేలో రంగూన్‌ను పట్టుకున్న సేనలో పెద్ద భాగం మద్రాసు సైన్యం. దాని పదాతిదళాల్లోకి తెలుగు, తమిళ జిల్లాల నుంచి సిపాయిలను తీసుకొనేవారు. ఆ యుద్ధంలో శత్రువు చేతిలో చనిపోయిన వారి కంటే జ్వరాలకు, విరేచనాలకు బలైనవారే ఎక్కువ. 1852లో జరిగిన రెండో యుద్ధంలో దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి పోయాక, కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు రంగూన్‌కు వలస వెళ్లారు. అక్కడి రేవులో, మిల్లుల్లో, నదీ రవాణాలో కష్టమైన పనులు వారి భుజాల మీదే నడిచాయి (చూ. బర్మా తెలుగువారు).

మూడో యుద్ధం స్టీమర్ల యుద్ధం. 1885 నవంబరు 14న తాయెత్‌మ్యో నుంచి బయలుదేరిన సేనను ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ స్టీమర్లు, వాటి వెంట కట్టిన ఫ్లాట్లు (ఇంజిన్ లేని సరుకు పడవలు) మోసుకొని పోయాయి. సేనాపతి హ్యారీ ప్రెండర్‌గాస్ట్ మద్రాసులో పుట్టి, మద్రాసు ఇంజనీర్ల దళంలో ఎదిగినవాడు. రెండు వారాల్లో, నవంబరు 28న, సేన మాండలే చేరింది. బర్మా రాజు తీబాను స్టీమరు ఎక్కించి ప్రవాసానికి పంపారు. వర్తక కంపెనీ ఓడలు లేకపోతే ఇంత వేగం కుదిరేది కాదు.

యూఫ్రటీసు నుంచి కాంటన్ దాకా

భారతదేశానికి దగ్గరి దారి వెతకడానికి ఫ్రాన్సిస్ చెస్నీ నాయకత్వంలో 1835–37 మధ్య సాగిన యూఫ్రటీసు యాత్ర కోసం, బిర్కెన్‌హెడ్‌లోని లెయిర్డ్ సంస్థ రెండు ఇనుప స్టీమర్లను ముక్కలుగా కట్టి పంపింది. వాటిని సిరియా తీరంలో దించి, నేల మీద లాక్కెళ్లి, నది ఒడ్డున బిగించారు. 1836 మే 21న హఠాత్తుగా లేచిన గాలివానకు వాటిలో ‘టైగ్రిస్’ మునిగి సుమారు ఇరవై మంది చనిపోయారు. ‘యూఫ్రటీసు’ మాత్రం బస్రా చేరింది.

ఈ అనుభవంతో అదే సంస్థ 1839లో కంపెనీ కోసం నెమెసిస్‌ను కట్టింది. పొడవు 184 అడుగులు, వెడల్పు 29 అడుగులు. నిండా సరుకుతోనూ ఆరడుగుల లోపు నీటిలో తేలేది. ముందొకటి, వెనకొకటి చొప్పున చుట్టూ తిరిగే రెండు 32 పౌండ్ల ఫిరంగులు దాని ప్రధాన ఆయుధాలు. ఓడ లోపలి భాగాన్ని నీరు చొరని అడ్డుగోడలతో గదులుగా విడదీయడం ఆ రోజుల్లో కొత్త. కెప్టెన్ విలియం హచన్ హాల్ దాన్ని ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ తిప్పి తెచ్చాడు. ఆ దారిన వచ్చిన తొలి ఇనుప ఆవిరి నౌక అదే. దారిలో తుపాను దెబ్బకు దాని పక్కలు నిలువునా పగిలాయి. డెలగోవా అఖాతంలో అతుకులు వేసుకొని అది 1840 నవంబరులో మకావు చేరింది.

1841 జనవరి 7న చుయెన్‌పీ దగ్గర నెమెసిస్ లోతు తక్కువ నీటిలోకి దూసుకుపోయి జంకులనే చైనా తెరచాప ఓడలను చెల్లాచెదురు చేసింది. దాని రాకెట్ ఒకటి తగిలి ఒక జంకు మందుగుండుతో సహా పేలిపోయింది. మే నెలలో కాంటన్ మీద దాడికి సైనికుల పడవలను బారుగా లాగుకొని పోయింది కూడా నెమెసిసే. ఆ తర్వాత జరిగింది ఈ నౌకల హద్దును బాగా చూపిస్తుంది. సన్‌యువాన్‌లీ గ్రామం దగ్గర, నదికి దూరంగా, కుండపోత వానలో మద్రాసు 37వ నేటివ్ పదాతిదళంలోని ఒక కంపెనీ మిగతా సేన నుంచి విడిపోయింది. వేలమంది గ్రామీణులు చుట్టుముట్టారు. చెకుముకి తుపాకులు తడిసి పేలలేదు. కొత్తరకం తుపాకులున్న మెరైన్లు వెతుక్కుంటూ వచ్చి వారిని బయటపడేశారు. నది మీద నెమెసిస్‌కు ఎదురు లేదు. పొలాల్లో చిక్కుకున్న మద్రాసు సిపాయిలకు అది ఏ సాయమూ చేయలేకపోయింది. చైనా చరిత్రలో ఆ ఘటన సామాన్యుల ప్రతిఘటనకు తొలి గుర్తుగా నిలిచింది (చూ. నల్లమందు యుద్ధాలు).

1842లో బ్రిటిష్ నౌకలు యాంగ్‌ట్సీ ఎక్కి నాన్‌జింగ్ దాకా వెళ్లాయి. పెద్ద తెరచాప యుద్ధనౌకలను ఇసుక తిప్పల మధ్య నుంచి స్టీమర్లే లాగాయి. ఆగస్టు 29న నాన్‌జింగ్ సంధి కుదిరింది.

క్రిమియా కాలపు గన్‌బోట్లు

రష్యాతో యుద్ధం (1853–56) కోసం రాయల్ నేవీ హడావిడిగా నూటికి పైగా కొయ్య గన్‌బోట్లు కట్టించింది. వాటిలో 98 ఒక్క ‘ఆల్బకోర్’ తరగతివే. యుద్ధం త్వరగా ముగియడంతో వాటిని ఒడ్డున భద్రపరచడానికి గోస్‌పోర్ట్‌లోని హాస్లర్‌లో ప్రత్యేక యార్డు ఏర్పాటైంది. పచ్చి కలప వాడినందువల్ల చాలా నౌకలు కొద్ది ఏళ్లలోనే పుచ్చిపోయాయి. బాగున్నవాటిలో కొన్ని చైనాకు వెళ్లాయి. 1859 జూన్ 25న పైహో నదీముఖంలోని టాకూ కోటల మీద దాడి చేసి అవి చిత్తుగా ఓడాయి. కార్మొరాంట్, లీ, ప్లోవర్ నౌకలు పోయాయి, అడ్మిరల్ జేమ్స్ హోప్ గాయపడ్డాడు. నదికి అడ్డంగా పాతిన ఇనుప గుంజలు, కోట ఫిరంగులు, బురద ఒడ్డు కలిసి ఈ ఓటమి తెచ్చాయి. మరుసటి ఏడాది బ్రిటిష్–ఫ్రెంచి సేనలు నేల మార్గాన వచ్చి ఆ కోటలను పట్టుకున్నాయి.

నైలు గన్‌బోట్లు

సూడాన్ మీద కిచెనర్ నడిపిన దండయాత్రలో (1896–98) వెనక చక్రమున్న జఫీర్, ఫతే, నాసిర్; ప్రొపెల్లర్లున్న సుల్తాన్, మెలిక్, షేక్ ముఖ్యమైనవి. ఈ చివరి మూడూ థేమ్స్ ఒడ్డున థార్నీక్రాఫ్ట్ యార్డులో తయారై, ముక్కలుగా ఎడారి రైలు మీద జలపాతాలు దాటి, నది ఒడ్డున మళ్లీ ఓడలయ్యాయి. ఫతేను నడిపిన డేవిడ్ బీటీ తర్వాత రాయల్ నేవీ అధిపతి అయ్యాడు. 1898 సెప్టెంబరు 2న ఒమ్‌దుర్మాన్ యుద్ధంలో కెరెరీ గుట్టల దగ్గర ఒంటెల దళం చిక్కుల్లో పడినప్పుడు, దాన్ని తరుముతున్నవారిని మెలిక్ ఒడ్డుకు దగ్గరగా వచ్చి మరతుపాకులతో ఆపింది.

యాంగ్‌ట్సీ పహరా

1858 టియాన్‌జిన్ ఒప్పందం యాంగ్‌ట్సీని విదేశీ వర్తకానికి తెరిచింది, చైనా రేవులన్నిటికీ వెళ్లే హక్కు బ్రిటిష్ యుద్ధనౌకలకు ఇచ్చింది. షాంఘై నుంచి హాంకౌ దాకా సుమారు 1,100 కిలోమీటర్లు నీరు పెరిగే కాలంలో సముద్ర నౌకలు వెళ్లగలవు. ఆ పైన ఇచాంగ్ దాటాక వచ్చే గండికోనలు వేరే లోకం. అక్కడ సుడులు, బండరాళ్లు, ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య పదుల అడుగుల తేడాతో ఎక్కి దిగే నీటిమట్టం ఉంటాయి. తరతరాలుగా వందలాది కూలీలు ఒడ్డు వెంట మోకులు పట్టి పడవలను పైకి లాగేవారు. 1898లో ఆర్చిబాల్డ్ లిటిల్ చిన్న స్టీమరు ‘లీచువాన్’ చోంగ్‌చింగ్ చేరింది. 1900లో గన్‌బోట్లు వుడ్‌కాక్, వుడ్‌లార్క్ చేరాయి. వాటి వెనక టీల్, మూర్‌హెన్, విజియన్ వచ్చాయి. నీటిపక్షుల పేర్లు పెట్టడం ఆ వరసకు ఆనవాయితీ.

యాంగ్‌ట్సీ గన్‌బోట్ల పనిని రెండు వైపుల నుంచీ చూడవలసి ఉంది. బ్రిటిష్ వ్యాపారులకు, మిషనరీలకు అవి రక్షణ, దొంగల దాడులకు అడ్డు. చైనా వారికి తమ నడిబొడ్డు నది మీద పరాయి జెండాతో తిరిగే అవమానం. 1926 సెప్టెంబరు 5 నాటి వాన్‌షియెన్ ఘటనలో ఈ రెండూ ఢీకొన్నాయి. చైనా సేనాని యాంగ్ సెన్ పట్టుకున్న బ్రిటిష్ వర్తక స్టీమర్లను విడిపించడానికి కాక్‌చేఫర్, విజియన్ గన్‌బోట్లతో పాటు ‘కియావో’ అనే వర్తక స్టీమరును ఆయుధాలు అమర్చి తెచ్చారు. కాల్పుల్లో ఇరువైపులా సైనికులు చనిపోయారు. పట్టణం మీద పడిన గుళ్లకు చనిపోయిన పౌరుల సంఖ్యపై రెండు దేశాల లెక్కలు కుదరలేదు. చైనాలో బ్రిటిష్ వ్యతిరేక ఆందోళన దీనితో ఇంకా పెరిగింది.

1937 డిసెంబరు 12న ఉహూ దగ్గర జపాన్ ఫిరంగులు లేడీబర్డ్ మీద కాల్పులు జరిపి ఒక నావికుణ్ణి చంపాయి. అదే రోజు అమెరికా గన్‌బోటు పనాయ్‌ను జపాన్ విమానాలు ముంచేశాయి. పనాయ్‌లో బతికినవారిని షాంఘై చేర్చిన నౌకల్లో, తానే దెబ్బతిన్న లేడీబర్డ్ ఒకటి.

ఇన్‌సెక్ట్, ఫ్లై తరగతులు

1915లో ఆర్డరిచ్చిన 12 ఇన్‌సెక్ట్ తరగతి నౌకలను కాగితాల మీద ‘పెద్ద చైనా గన్‌బోట్లు’ అన్నారు. అసలు ఉద్దేశం డాన్యూబ్ మీద ఆస్ట్రియా–హంగరీ మానిటర్లను ఎదుర్కోవడం. ఆ రహస్యం దాచడానికే చైనా పేరు. రెండు ఆరంగుళాల ఫిరంగులు, గంటకు 14 నాట్ల వేగం, యాభై పైచిలుకు సిబ్బంది. ఏఫిస్, బీ, సికాలా, కాక్‌చేఫర్, క్రికెట్, గ్లోవార్మ్, నాట్, లేడీబర్డ్, మాంటిస్, మాత్, స్కారబ్, టరాంటులా వాటి పేర్లు. అదే కాలపు ఫ్లై తరగతి ఇంకా చిన్నది. దాని బరువు 98 టన్నులు, పొడవు 126 అడుగులు. ప్రధాన ఆయుధం ఒక నాలుగంగుళాల ఫిరంగి. యారో సంస్థ ముక్కలుగా పంపిన ఈ నౌకలను అబాదాన్‌లో బిగించి టైగ్రిస్‌లోకి దించారు.

టైగ్రిస్ మీద

మెసొపొటేమియా యుద్ధంలో సేనకు తిండి, మందుగుండు, క్షతగాత్రుల తరలింపు అన్నీ నది మీదే సాగాలి. భారతదేశంలోని నదుల నుంచి తెడ్డుచక్రాల స్టీమర్లను, వాటి సరంగులను, కళాసీలను అక్కడికి పంపారు. లోతు తక్కువ స్టీమర్లు సముద్రం దాటలేక దారిలోనే కొన్ని మునిగాయి. యుద్ధ చరిత్రలు గన్‌బోట్ల గురించి చెప్పినంతగా ఈ స్టీమర్ల గురించి చెప్పవు. సేనను బతికించినవి మాత్రం ఇవే.

1915 నవంబరులో టెసిఫాన్ దగ్గర టర్కీ వారి చేతిలో ఎదురుదెబ్బ తిని, జనరల్ టౌన్షెండ్ నడిపిన బ్రిటిష్–భారతీయ సేన వెనక్కు మళ్లింది. డిసెంబరు 1న ఉమ్-అత్-తుబాల్ దగ్గర కొత్త గన్‌బోటు ఫైర్‌ఫ్లై బాయిలరుకు గుండు తగిలింది. దాన్ని లాగబోయిన సాయుధ స్టీమరు కామెట్ ఇసుకలో కూరుకుపోయింది. రెండిటినీ వదిలేయవలసి వచ్చింది. టర్కీ వారు ఫైర్‌ఫ్లైని బాగుచేసి తమ జెండాతో నడిపారు.

కుట్ పట్టణంలో ముట్టడిలో చిక్కిన సేనకు ఆహారం చేర్చడానికి 1916 ఏప్రిల్ 24 రాత్రి ‘జుల్నార్’ అనే స్టీమరు 270 టన్నుల సరుకుతో బయలుదేరింది. నదికి అడ్డంగా కట్టిన ఉక్కు మోకుకు తగులుకొని మగాసిస్ దగ్గర ఆగిపోయింది. దాన్ని నడిపిన హంఫ్రీ ఫర్మన్, చార్లెస్ కౌలీ ఇద్దరికీ మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అయిదు రోజులకు, ఏప్రిల్ 29న, కుట్ లొంగిపోయింది. బందీలైన సుమారు 13,000 మందిలో అత్యధికులు భారతీయులు. తర్వాతి నడకల్లో, శిబిరాల్లో వేలమంది చనిపోయారు.

1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ దగ్గర సేన టైగ్రిస్ దాటింది. తుపాకి గుళ్ల మధ్య పడవలకు తెడ్లు వేసినవారిలో మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ ఉన్నారు. 26న కెప్టెన్ విల్‌ఫ్రిడ్ నన్ టరాంటులా, మాంటిస్, మాత్ నౌకలను చిన్న గన్‌బోట్లతో కలిపి పైకి నడిపాడు. నది మెలిక తిరిగిన చోట కాచుకున్న టర్కీ వెనుకదళం అతి దగ్గర నుంచి కాల్చింది. మాత్‌కు ఎక్కువ దెబ్బలు తగిలాయి. అయినా నౌకలన్నీ దాటిపోయి, వెనక్కు తగ్గుతున్న సేన మీద పడి పడవలను, స్టీమర్లను పట్టుకున్నాయి. దొరికినవాటిలో పోగొట్టుకున్న ఫైర్‌ఫ్లై కూడా ఉంది. మార్చి 11న బాగ్దాద్ పడింది. నదీ గన్‌బోట్లు పూర్తిస్థాయిలో తమ పని చేసిన యుద్ధం ఏదంటే ఇదే.

ద్వినా మీద

1919లో బోల్షివిక్కులపై జోక్యానికి కాక్‌చేఫర్, సికాలా, క్రికెట్, గ్లోవార్మ్ ఉత్తర రష్యాకు వెళ్లాయి. ఆగస్టులో మందుగుండు పడవ పేలి గ్లోవార్మ్ డెక్కు మీద చాలామంది చనిపోయారు. సెప్టెంబరులో నీరు తగ్గిపోయి ఎం25, ఎం27 మానిటర్లు కదల్లేకపోవడంతో వాటిని సొంత సిబ్బందే పేల్చివేశారు. గన్‌బోట్లకు సరిపోయిన నీరు మానిటర్లకు సరిపోలేదు.

సిబ్బంది

చైనా గన్‌బోట్లలో బ్రిటిష్ నావికులతో పాటు చైనీయులైన వంటవారు, చాకలివారు, పడవ మనుషులు ఉండేవారు. గండికోనల్లో నౌక బతుకు స్థానిక పైలట్ చేతిలో ఉండేది. ప్రతి ఏడూ మారే ఇసుక తిప్పలను, నీటి ఉపరితలం చూసి కింది బండను పసిగట్టే విద్య ఏ పటంలోనూ దొరకదు. నాట్ నౌక సిబ్బంది షాంఘైలో పెంచుకొన్న జూడీ అనే కుక్క తర్వాత గ్రాస్‌హాపర్ అనే గన్‌బోటుకు మారింది. 1942లో ఆ నౌక మునిగాక సుమత్రాలోని జపాన్ శిబిరంలో అధికారికంగా యుద్ధఖైదీగా నమోదైంది. దానికి 1946లో డికిన్ పతకం ఇచ్చారు.

విరమణ, నష్టాలు

గ్లోవార్మ్ 1928లో మాల్టాలో తుక్కయింది. బీని 1939లో షాంఘైలోనే అమ్మేశారు, మాంటిస్ మరుసటి ఏడాది పోయింది. మిగిలిన వాటిలో కొన్నిటిని మధ్యధరా సముద్రానికి తరలించారు. నది కోసం పుట్టిన నౌకలు లిబియా తీరంలో బార్దియా, టోబ్రుక్ మీద గుళ్లు కురిపించాయి. లేడీబర్డ్‌ను 1941 మే 12న టోబ్రుక్ రేవులో జర్మన్ బాంబర్లు ముంచాయి. రేవు లోతు తక్కువ కావడంతో అది నిటారుగా అడుగున కూర్చుంది. డెక్కు నీటి పైనే మిగిలింది, విమానాల మీద కాల్పులకు ఇంకా పనికొచ్చింది.

1941 డిసెంబరు 8న షాంఘైలో గన్‌బోటు పీటరెల్‌ను లొంగిపొమ్మని జపాన్ అధికారులు అడిగారు. ఫిరంగులు కూడా సరిగా లేని ఆ నౌక అధిపతి, న్యూజిలాండ్ వాసి స్టీఫెన్ పోల్కింగ్‌హార్న్ ఒప్పుకోలేదు. నౌకను కాల్చి ముంచేశారు. హాంకాంగ్‌లో మాత్‌ను సొంతవారే ముంచగా, సికాలాను బాంబులు ముంచాయి. మాత్‌ను జపాన్ వారు పైకి తీసి ‘సుమా’ పేరుతో నడిపారు. 1945 మార్చిలో యాంగ్‌ట్సీలో మైను తగిలి అది మళ్లీ మునిగింది. సింగపూర్ పడడానికి ముందురోజు, 1942 ఫిబ్రవరి 14న, డ్రాగన్‌ఫ్లై, గ్రాస్‌హాపర్ పోయాయి. చోంగ్‌చింగ్ వైపు చిక్కుబడ్డ ఫాల్కన్, గానెట్, సాండ్‌పైపర్‌లను 1942లో చైనా నౌకాదళానికి ఇచ్చేశారు.

చట్టపరమైన ముగింపు 1943 జనవరి 11న వచ్చింది. ఆ రోజు బ్రిటన్, చైనా సంతకం చేసిన ఒప్పందంతో ప్రత్యేక హక్కులు రద్దయ్యాయి, వాటితో పాటే చైనా జలాల్లో యుద్ధనౌకలకున్న హక్కూ పోయింది. ఇది తెలియకుండా యాంగ్‌ట్సీ గన్‌బోట్ల అంతాన్ని జపాన్ బాంబుల ఖాతాలోనే వేయడం పాక్షిక చిత్రణ అవుతుంది. 1946లో టరాంటులాను సింహళ తీరంలో ఫిరంగి సాధన లక్ష్యంగా ముంచారు. ఏఫిస్ 1947లో, కాక్‌చేఫర్ 1949లో సింగపూర్‌లో తుక్కు వ్యాపారులకు చేరాయి. డన్‌కర్క్, డియెప్, నార్మండీ చూసిన గన్‌బోటు లోకస్ట్ బ్రిస్టల్‌లో శిక్షణ నౌకగా ఉండి 1968లో తుక్కు కింద అమ్ముడుపోయింది.

మిగిలినవి, పోల్చదగినవి

ఇన్‌సెక్ట్ తరగతిలో ఒక్క నౌకనూ భద్రపరచలేదు. ఈ కుటుంబంలో దీర్ఘాయువు మెలిక్‌ది. 1926 నుంచి అది ఖార్టూమ్‌లోని బ్లూ నైల్ సెయిలింగ్ క్లబ్బుకు కార్యాలయంగా ఉపయోగపడింది, 1980ల చివరి వరదకు ఒడ్డెక్కి అక్కడే నిలిచిపోయింది. ఇతర దేశాలు తమ నదీ నౌకలను ఇంకాస్త శ్రద్ధగా చూసుకున్నాయి. 1938లో జపాన్ విమానాలు ముంచిన చైనా గన్‌బోటు జోంగ్‌షాన్‌ను 1997లో యాంగ్‌ట్సీ నుంచి పైకి తీశారు, ఉహాన్‌లో దానికో మ్యూజియం కట్టారు. పెరూలోని ఇకిటోస్‌లో 1904 నాటి ‘అమెరికా’ గన్‌బోటు మ్యూజియమైంది. మొదటి ప్రపంచ యుద్ధపు తొలి గుళ్లు బెల్‌గ్రేడ్ మీద కాల్చిన ఆస్ట్రియా–హంగరీ మానిటర్ బోద్రోగ్, ‘సావా’ పేరుతో అదే బెల్‌గ్రేడ్‌లో ప్రదర్శనకుంది. రియో డి జనీరోలో 1937లో నీటిలోకి దిగిన బ్రెజిల్ మానిటర్ పర్నాయీబా ఆవిరి ఇంజిన్లను డీజిల్‌కు మార్చుకొని, వెనక హెలికాప్టరు దిగే వేదిక అమర్చుకొని, ఇరవై ఒకటో శతాబ్దంలోనూ పరాగ్వే నది మీద సేవలో కొనసాగింది.